దూరం నాకు తెలుసు కదా సార్!

హుజూరాబాద్ దగ్గరి ఒక ఊరి నుంచి ఇరవై రెండేళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దని అడిగింది. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీకాం. ఎంబీఏ చేయాలని, దాని ప్రవేశ పరీక్ష ఐసెట్‌కు సిద్ధమవుతోంది. కోచింగ్ కోసం రోజూ బస్సులో హనుమకొండ వచ్చి పోతుంది. ఫీజు పదిహేను వేలు. వాళ్లమ్మ మహిళా సంఘంలో అప్పు తీసుకుని కట్టింది, నెలనెలా కిస్తీ కడుతోంది. నాన్న ఆర్టీసీలో కండక్టర్.

మూడు వారాల కింద క్లాసులో మాక్ టెస్ట్ పేపర్ చెబుతున్నారట. డేటా సఫిషియెన్సీలో ఒక ప్రశ్న వచ్చింది. 'హనుమకొండలో బయలుదేరిన బస్సు కరీంనగర్‌కు ఎన్ని గంటలకు చేరింది?' కింద రెండు వాక్యాలు. ఒకటి, బస్సు ఉదయం 7:30కి బయలుదేరింది. రెండు, బస్సు సగటు వేగం గంటకు 40 కిలోమీటర్లు. జవాబు కనుక్కోవడానికి ఏ వాక్యం సరిపోతుందో చెప్పాలి. ఈ అమ్మాయి 'రెండూ కలిపితే సరిపోతాయి' అని పెట్టింది. జవాబుల కీలో 'రెండూ కలిపినా సరిపోవు' అని ఉంది. లేచి నిలబడి, "డెబ్బై కిలోమీటర్లు, దూరం నాకు తెలుసు కదా సార్!" అంది. సార్ నవ్వి, "నువ్వేమన్నా కండక్టర్‌వా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాళ్ల నాన్న ఏం చేస్తాడో సార్‌కు తెలియదు. పక్క బెంచీ వాళ్లకు తెలుసు.

అదే రోజు ఇంకో ప్రశ్న. 'ఒక పెన్ను ధర ఎంత? ఒకటి, 2 పెన్నులు, 3 నోటుబుక్కులు కలిపి 130 రూపాయలు. రెండు, 4 పెన్నులు, 6 నోటుబుక్కులు కలిపి 260 రూపాయలు.' కీలో 'రెండూ కలిపితే సరిపోతాయి' అని ఉంది. తను 'సరిపోవు' అని పెట్టింది. కీ తప్పేమో సార్ అని అడిగితే ఆయన పేపర్ వైపు కూడా చూడకుండా, "ముందు కీ ఫాలో అవడం నేర్చుకో" అన్నాడు.

మర్నాటి నుంచి క్లాసుకు వెళ్లలేదు. ఇంట్లో చెప్పలేదు. పొద్దున్నే టిఫిన్ బాక్స్ సర్దుకుని, బస్సెక్కి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ తీసుకుని, హనుమకొండలో దిగి ఒంటిగంట దాకా గ్రంథాలయంలో, ఆ తర్వాత భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చుని సాయంత్రం బస్సుకు ఇంటికి వెళ్తోంది. "ఆ రూట్లో కండక్టర్లంతా నన్ను బిడ్డా అని పిలుస్తారు. క్లాసులు ఎట్లా నడుస్తున్నాయి బిడ్డా అంటే మంచిగనే నడుస్తున్నాయి అంటున్నాను" అని రాసింది. ఆమె అడిగినవి మూడు. బస్సు ప్రశ్నలో నిజంగా నాదే తప్పా? దూరం ప్రశ్నలో ఇవ్వలేదు కాబట్టి వాడకూడదంటే, వారానికి ఏడు రోజులని కూడా ఎక్కడా ఇవ్వరు కదా, అది ఎందుకు వాడతాం? ఇప్పుడు నేను క్లాసుకు తిరిగి వెళ్లాలా, మానేయాలా, ఇంట్లో ఏమని చెప్పాలి?

అమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ రోజు జరిగిన రెండు సంగతులు నీ మనసులో ఒకే ముద్దగా అయిపోయాయి. బస్సు ప్రశ్నలో జవాబు వరకు సార్ చెప్పింది సరైనది, నిన్ను అన్న మాట మాత్రం తప్పు. పెన్నుల ప్రశ్నలో నువ్వు పెట్టిందే సరైనది, ఆయన చూడలేదు. ఈ రెండింటినీ విడదీయకపోతే 'నాకు లాజిక్ రాదు' అనే ఒక్క మాటే మిగులుతుంది. అది నిజం కాదు. అందుకే ముందు ప్రశ్నల సంగతి చూద్దాం. ఇంటి సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

బస్సు ప్రశ్న తీసుకో. నీ లెక్క ఇలా నడిచి ఉంటుంది: డెబ్బై కిలోమీటర్లు, గంటకు నలభై, అంటే గంటా నలభై ఐదు నిమిషాలు, 7:30కి కలిపితే 9:15. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. కానీ ఆ డెబ్బై ఎక్కడి నుంచి వచ్చింది? కాగితం మీద నుంచి రాలేదు. కిటికీ పక్కన కూర్చుని హసన్‌పర్తి, ఎల్కతుర్తి దాటుకుంటూ చేసిన ప్రయాణాల నుంచి, నాన్న చేతిలోని టికెట్ మిషన్ నుంచి వచ్చింది. అదే పేపర్ రాస్తున్న ఇంకో అమ్మాయిని ఊహించుకో. ఆదిలాబాద్ అవతలి ఊరు, హనుమకొండ ఎప్పుడూ చూడలేదు. ఆమె చేతిలో ఉన్నవి ఆ రెండు వాక్యాలే. వాటితో ఆమె 9:15 అని తేల్చలేదు. సరిపోతుందా అన్న ప్రశ్నకు అర్థం 'నీకు సరిపోతుందా' అని కాదు, ఎవరి చేతిలో పెట్టినా ఈ రెండు వాక్యాలే సరిపోతాయా అని.

ఇంకో మాట. బస్సు ఏ దారిన వెళ్లిందో కూడా ప్రశ్న చెప్పలేదు. నువ్వు రోజూ చూసే దారి హుజూరాబాద్ మీదుగా పోయేది. పరకాల, జమ్మికుంట చుట్టి పోయే బస్సనుకో, దూరం పెరుగుతుంది. ఎనభై అయిందనుకుంటే రెండు గంటలు, 9:30కి చేరుతుంది. ఇచ్చిన వాక్యాల్లో ఏదీ చెడలేదు, జవాబు మాత్రం మారింది. ఇదే అసలు పరీక్ష. ఇచ్చిన మాటలన్నీ నిలబడి ఉండగానే జవాబు రెండు రకాలుగా రాగలిగితే, డేటా సరిపోనట్టే. నువ్వు 9:15 కనుక్కున్నావు. '9:15 కాకుండా ఇంకొకటి రాగలదా?' అని అడగలేదు. ఈ రకం ప్రశ్నల్లో తప్పు చేసే పిల్లల్లో ఎక్కువమంది అక్కడే ఆగిపోతారు. లెక్క బాగా వచ్చిన పిల్లలు ఇంకా ఎక్కువగా ఆగిపోతారు, ఎందుకంటే వాళ్లకు ఒక జవాబు తొందరగా దొరుకుతుంది.

ఇక వారానికి ఏడు రోజుల గురించి. నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. అడగాలని చాలామందికి తోచదు. బయటి సంగతి వాడకూడదు అనే నియమాన్ని అక్షరాలా పట్టుకుంటే ఏ ప్రశ్నా చేయలేం. గంటకు అరవై నిమిషాలని ఎవరూ ఇవ్వరు, త్రిభుజంలో మూడు కోణాలు కలిస్తే 180 డిగ్రీలని ఎవరూ ఇవ్వరు. అయినా వాడతాం. ఎందుకు? వారం అనే మాటలోనే ఏడు ఉంది. ఏడు తీసేస్తే అది వారం కాదు. కానీ హనుమకొండ, కరీంనగర్ అనే మాటల్లో డెబ్బై లేదు. రేపు కొత్త బైపాస్ వేస్తే దూరం మారుతుంది, ఊళ్లు అవే ఊళ్లుగా ఉంటాయి. మాట అర్థంలోనే ఉన్నది, లెక్కల నియమంగా ఉన్నది వాడుకోవచ్చు. లోకంలో ప్రస్తుతానికి అలా జరిగి ఉన్నది మాత్రం ప్రశ్న ఇస్తేనే వాడాలి. క్యాలెండర్ లెక్కల్లో లీపు సంవత్సరం నియమం మొదటి రకం. 2100 నాలుగుతో భాగింపబడినా లీపు సంవత్సరం కాదన్నది కూడా ఆ నియమంలో భాగమే, అది నీకు తెలిసి ఉండాలనే వాళ్ల ఉద్దేశం. ఫలానా బస్సు ఎప్పుడూ పది నిమిషాలు లేటు అన్నది రెండో రకం.

రెండింటి మధ్య గీత ఎప్పుడూ ఇంత స్పష్టంగా ఉండదు. బంధుత్వాల ప్రశ్నలు చూడు. ఇంగ్లిష్‌లో 'అంకుల్' అన్నాడంటే బాబాయ్ కావచ్చు, పెదనాన్న కావచ్చు, మేనమామ కావచ్చు. మన తెలుగులో వీటన్నిటికీ వేరువేరు మాటలున్నాయి. అంకుల్ అని చదవగానే మన మనసు తెలియకుండానే ఏదో ఒకటి ఎంచేసుకుంటుంది. ఎంచుకున్న క్షణంలో ప్రశ్న ఇవ్వని సమాచారం ఒకటి లోపలికి వచ్చేసింది. 'బావ' అంటే అక్క మొగుడా, మేనత్త కొడుకా? మేనరికాలున్న ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఇద్దరూ ఒకరే అయి ఉండొచ్చు కూడా. ఐసెట్ పేపర్‌లో ఇంగ్లిష్‌తో పాటు తెలుగు కూడా ఉంటుంది కాబట్టి, తెలుగు వాక్యం చదివి అనుమానం వస్తే ఇంగ్లిష్ వాక్యం కూడా ఒకసారి చూడు. తెలుగు మీడియంలో చదివినందుకు దిగులు పడకు. ఎక్కడ అర్థం చీలుతోందో రెండు భాషలు తెలిసినవాళ్లకే ముందు కనిపిస్తుంది.

పెన్నుల ప్రశ్నకు వద్దాం. ఇందులో నువ్వు చెప్పిందే సరైనది. రెండో వాక్యం కొత్తగా ఏమీ చెప్పడం లేదు, మొదటి వాక్యాన్నే రెండుతో గుణించి మళ్లీ చెప్పింది. పెన్ను 5 రూపాయలు, నోటుబుక్కు 40 అనుకో: పది, నూట ఇరవై, మొత్తం 130. రెండింతలు చేస్తే 260. ఇప్పుడు పెన్ను 20, నోటుబుక్కు 30 అనుకో: నలభై, తొంభై, మళ్లీ 130. ఇదీ రెండింతలు చేస్తే 260. వాక్యాలు రెండూ నిలబడ్డాయి, పెన్ను ధర మాత్రం ఒకసారి 5, ఒకసారి 20. కాబట్టి రెండూ కలిపినా సరిపోవు. కీ రాసినవాళ్లు 'తెలియనివి రెండు, సమీకరణాలు రెండు, కాబట్టి చాలు' అనే అలవాటు మీద టిక్కు పెట్టి ఉంటారు.

ఆ అలవాటు రెండో వైపు కూడా మోసం చేస్తుంది. 'ఒకతను 7 రూపాయల పెన్నులు, 5 రూపాయల పెన్సిళ్లు కలిపి సరిగ్గా 24 రూపాయలకు కొన్నాడు. పెన్నులెన్ని?' ఇక్కడ సమీకరణం ఒక్కటే, తెలియనివి రెండు. సరిపోదని పెట్టేస్తారు. కానీ పెన్నును సగం చేసి అమ్మరు కదా. పెన్నులు సున్నా అయితే 24లో 5 సరిగ్గా పోదు. ఒకటైతే 17 మిగులుతుంది, అదీ పోదు. మూడైతే 3 మిగులుతుంది, పోదు. రెండైతే 10 మిగులుతుంది, రెండు పెన్సిళ్లు. రెండో జవాబుకు చోటే లేదు, కాబట్టి ఒక్క వాక్యమే చాలు. అందుకే సమీకరణాలు లెక్కపెట్టకు, రెండో జవాబు కోసం వెతుకు. బస్సు దగ్గర నువ్వు మరిచిపోయిన పని, పెన్నుల దగ్గర నీకు తెలియకుండానే చేసిన పని, రెండూ ఇదే.

అవును-కాదు ప్రశ్నల్లో ఇంకో గుంట ఉంది. 'రమేశ్ సురేశ్ కంటే పెద్దవాడా?' అని అడిగి, రమేశ్ వయసు సురేశ్ వయసులో సగం అని ఇస్తే, జవాబు 'కాదు'. కాదు అని గట్టిగా తేలింది కాబట్టి డేటా సరిపోయింది. 'కాదు' రాగానే 'సరిపోదు' మీద టిక్కు పెట్టేవాళ్లు చాలామంది.

కూర్చుని చేసేటప్పుడు రెండో వాక్యాన్ని చేత్తో మూసేసి మొదటిది ఒక్కటే చూడు. తర్వాత మొదటిదాన్ని మూసి, దాన్ని పూర్తిగా మరిచిపోయి రెండోది చూడు. ఈ మరిచిపోవడమే కష్టం. మొదటి వాక్యంలో చదివిన అంకె రెండోదాంట్లోకి జారిపోతూ ఉంటుంది. విడివిడిగా ఏదీ చాలకపోతేనే రెండూ కలుపు. మొదట్లో ఒక్కో ప్రశ్నకు ఐదు నిమిషాలు పట్టినా పట్టనీ.

పరీక్షలో మాత్రం అంత టైం ఉండదు. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, ప్రశ్నకు 45 సెకన్లు. అనలిటికల్ ఎబిలిటీకి 75 మార్కులు, అందులో డేటా సఫిషియెన్సీ 20. ఇద్దరికి మార్కులు సమానమైతే ముందు అనలిటికల్ ఎబిలిటీ మార్కులే చూస్తారు. కాబట్టి ఈ భాగం మీద నువ్వు పెట్టే శ్రమ వృథా కాదు. నెగెటివ్ మార్కులు లేవు, ఏదీ ఖాళీగా వదలకు.

కీ గురించి ఒక మాట చెప్పాలి. చాలా ఏళ్లు ఐసెట్‌ను మన కాకతీయ విశ్వవిద్యాలయమే నిర్వహించింది. ఎవరు నిర్వహించినా పరీక్ష అయ్యాక నేరుగా ఫైనల్ కీ ఇవ్వరు. ముందు ప్రిలిమినరీ కీ విడుదల చేసి, అభ్యంతరాలుంటే కారణంతో సహా పంపమని గడువు పెట్టి, అవి చూశాకే ఫైనల్ కీ ఇస్తారు. పరీక్ష పెట్టేవాళ్లే తమ కీలో తప్పు ఉండొచ్చని ఒప్పుకుని ఆ ఏర్పాటు చేశారు. కోచింగ్ మెటీరియల్ కీ అంతకంటే గొప్పది ఎట్లా అవుతుంది? నేనూ చాలా ఏళ్లు బోర్డు ముందు నిలబడ్డాను. ఒకసారి వెనక బెంచీలో ఒకబ్బాయి లేచి లెక్క తప్పు అంటే, సిలబస్ పూర్తి చేయాలన్న తొందరలో కూర్చోమన్నాను. ఇంటికి వెళ్లి చూసుకుంటే తప్పు నాదే. మర్నాడు క్లాసులో ఒప్పుకున్నాను, కానీ ఆ అబ్బాయి ఆ తర్వాత ఎప్పుడూ లేచి అడగలేదు. అది ఇప్పటికీ నాకు బాధే.

ఇక క్లాసు సంగతి. నీ ముందు మూడు దారులున్నాయి.

తిరిగి వెళ్లడం ఒకటి. వెళ్తే మొదటి రోజు కష్టంగానే ఉంటుంది, ఆ బెంచీ వాళ్లు చూస్తారు. కట్టిన డబ్బుకు మిగిలిన క్లాసులు, టెస్టులు దక్కుతాయి. వెళ్లాలనుకుంటే క్లాసు మొదలయ్యే ముందు సార్‌ను విడిగా కలువు. పెన్నుల ప్రశ్నను ఒక కాగితం మీద, పైన చెప్పిన రెండు ధరల జతలతో రాసి ఇవ్వు. కీ తప్పు అనకు, "ఈ రెండు ధరలూ కుదురుతున్నాయి సార్, చూడండి" అను. కాగితం మీద రాసి ఇస్తే చూడకుండా తోసేయడం కష్టం. కండక్టర్ మాట ఎత్తాలా వద్దా అన్నది నీ ఇష్టం. ఎత్తాలనిపిస్తే ఒక్క వాక్యం చాలు: "మా నాన్న కండక్టర్ సార్, ఆ రోజు నాకు బాధ కలిగింది." ఎక్కువమంది ఇది వినగానే నొచ్చుకుంటారు. ఒకవేళ ఆయన దాన్ని కూడా నవ్వులాటకు తిప్పితే, ఆ క్లాసులో ఉండాలా లేదా అన్నది నువ్వు తేల్చుకోవడం సులువవుతుంది.

బ్యాచ్ మార్చమని ఆఫీసులో అడగడం రెండోది. సాయంత్రం బ్యాచ్ ఉంటే, వేరే సార్ చెబుతుంటే ఇది మంచిదే. కానీ సాయంత్రం బ్యాచ్ అయితే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. అది ఇంట్లో చెప్పకుండా జరిగే పని కాదు.

మూడోది ఇప్పుడు నువ్వు చేస్తున్నదే, సొంతంగా చదవడం. దీన్ని తక్కువ చేయను. గ్రంథాలయంలో మూడు వారాలు కూర్చోగలిగావంటే నీకు ఆ ఓపిక ఉంది. కానీ ఒంటరిగా చదివేవాళ్లకు బస్సు ప్రశ్న లాంటి తప్పు పట్టి చూపించేవాళ్లు ఉండరు. ఆ రోజు కీ చెప్పకపోతే డెబ్బై కిలోమీటర్లు నువ్వు కలిపావని నీకు తెలిసేదే కాదు. ఈ దారి ఎంచుకుంటే వారానికి ఒక పూర్తి మాక్ టెస్ట్ గడియారం పెట్టుకుని రాయి, నీతో పాటు రాసే ఒక్క స్నేహితురాలినైనా చూసుకో. ఒకరి జవాబును ఇంకొకరు పడగొట్టడానికి ప్రయత్నించండి. అయితే చెరువు కట్ట మీద గడిచే మధ్యాహ్నాలు ఇందులోకి రావు. అవి దాక్కోవడం కోసం గడుస్తున్నాయి. ఇంట్లో చెప్పేస్తే ఆ గంటలన్నీ నీ చేతికి తిరిగి వస్తాయి.

నా మనసు మొదటి దారి వైపే ఉంది, పెన్నుల కాగితంతో. కానీ ఆ రోజు అక్కడ నవ్వుల మధ్య నిలబడింది నువ్వు, నేను కాదు. అందుకని వెళ్లి తీరాలని చెప్పను.

ఇంట్లో చెప్పే విషయంలో మాత్రం ఆలస్యం వద్దంటాను. నువ్వు ఫీజు గురించి భయపడి దాస్తున్నానని రాశావు. ఉత్తరం చదివితే నాకు అలా అనిపించలేదు. క్లాసు మానేశానంటే ఎందుకని అడుగుతారు, ఎందుకని అడిగితే ఆ మాట చెప్పాలి, ఆ మాట నాన్న చెవిన పడుతుంది. నీ భయం అదే అయి ఉంటుంది. నాన్న బాధపడతాడని నువ్వు మోస్తున్నావు. కానీ ఆ రూట్లో నిన్ను బిడ్డా అని పిలిచే కండక్టర్లలో ఎవరో ఒకరు మధ్యాహ్నం డ్యూటీ దిగి పోతూ నిన్ను కట్ట మీద చూస్తారు. ఆ సాయంత్రమే నాన్నకు తెలుస్తుంది. అప్పుడు ఆయనకు తెలిసేది కూతురు క్లాసుకు వెళ్లడం లేదని, రోజూ అబద్ధం చెబుతోందని మాత్రమే. క్లాసులో ఏం జరిగిందో ఆయనకు తెలియదు.

అమ్మకు ముందు చెప్పడం సులువనిపిస్తే అలాగే చెయ్యి. అప్పు తెచ్చింది ఆమె, ఆమెకు ముందు తెలియడం న్యాయం కూడా. నాన్నకు ఆ మాట చెప్పాలా, 'క్లాసులో మాట పడ్డాను' అని ఆపేయాలా అన్నది మీ అమ్మతో కలిసి తేల్చుకో. చెప్తే ఆయనకు కోపం రావచ్చు, కోచింగ్ సెంటర్‌కు వస్తానని అనొచ్చు. అది నీకు ఇష్టం లేకపోతే ముందే చెప్పు. ఏళ్ల తరబడి ఎన్నో రకాల మనుషుల మాటలు విన్న ఉద్యోగం ఆయనది. నువ్వు అనుకున్నంత తేలిగ్గా నొచ్చుకునే మనిషి కాకపోవచ్చు కూడా.

సంఘం మీటింగ్ ఏ తేదీనో నీకు తెలిసే ఉంటుంది. ఈసారి కిస్తీ డబ్బు అమ్మ చేతి నుంచి వెళ్లే లోపే చెప్పెయ్యి.